ఎండ, గాలి, నీటి నుంచి కరెంటు: రాయలసీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా బళ్లారి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి దారి పొడవునా గాలిమరలు కనిపిస్తాయి. మన పల్లెల్లో వాటిని ఫ్యాన్లనే అంటారు. కర్నూలు వైపు ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో సౌర ప్యానెళ్లు వేల ఎకరాల్లో పరుచుకుని ఉన్నాయి. వీటిని రోజూ చూస్తున్నవారు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కొన్ని ఊళ్లు నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాల్లోకి వెళ్లినా, ఇక్కడ పాత ఉమ్మడి జిల్లాలనే దృష్టిలో పెట్టుకున్నాను.

పునరుత్పాదక ఇంధనం అని దేనిని అంటారు?

వాడినందువల్ల తరిగిపోకుండా, ప్రకృతిలో తనంతట తానే మళ్లీ సమకూరే శక్తి వనరును పునరుత్పాదక ఇంధనం అంటారు. ఎండ, గాలి, పారే నీరు, పంట వ్యర్థాలు, పశువుల పేడ, భూగర్భంలోని వేడి, సముద్రపు ఆటుపోట్లు ఈ కోవలోకి వస్తాయి. బొగ్గు, చమురు ఏర్పడటానికి కోట్ల సంవత్సరాలు పట్టింది కనుక, తవ్వి కాల్చినదాన్ని ఇక ఏ తరమూ తిరిగి చూడలేదు. ఆటుపోట్లను, భూగర్భ ఉష్ణాన్ని పక్కన పెడితే మిగిలినవన్నీ సూర్యుడి సొత్తే. ఎండకు నేల ఒక్కోచోట ఒక్కోలా వేడెక్కడం వల్ల గాలి కదులుతుంది, ఎండకే సముద్రపు నీరు ఆవిరై వానగా కురిసి కృష్ణలో పారుతుంది, ఎండతోనే పైరు పెరుగుతుంది.

ఇన్ని వేరువేరు వనరుల నుంచి ఒకే కరెంటు ఎలా వస్తుంది?

కరెంటు పుట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. జనరేటర్లన్నీ ఇప్పటికీ ఈ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి. కడప జిల్లా ముద్దనూరు దగ్గరి 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు మంటతో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో జనరేటర్‌కు బిగించిన రెక్కల చక్రాన్ని, అంటే టర్బైన్‌ను తిప్పుతారు. శ్రీశైలంలో పైనుంచి దూకే నీరు తిప్పుతుంది, ఉరవకొండలో గాలి తిప్పుతుంది. తిప్పేది మారుతుందే గాని, లోపల తిరిగేది అన్నిచోట్లా ఒకటే.

రెండో దారిలో తిరిగే భాగమే ఉండదు. అది సౌర ప్యానెల్.

కదలకుండా ఎండలో పడి ఉండే ప్యానెల్ కరెంటును ఎలా ఇస్తుంది?

ప్యానెల్‌లోని నీలి లేదా నల్లని పలకలను సెల్స్ అంటారు. అవి సిలికాన్‌తో చేసినవి. ఒక్కో సెల్‌లో ఒక పొరకు ఫాస్ఫరస్‌ను, మరో పొరకు బోరాన్‌ను అతి స్వల్పంగా కలుపుతారు. అందువల్ల మొదటి పొరలో ఎలక్ట్రాన్లు అదనంగా, రెండో పొరలో కొరతగా ఉండి, రెండూ కలిసేచోట ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. వెలుగు పడినప్పుడు ఎలక్ట్రాన్లు తమ స్థానం నుంచి విడివడతాయి, ఆ క్షేత్రం వాటిని ఒకే దిక్కుకు నెడుతుంది, బయట తీగ కలిపితే అవి దాని గుండా ప్రవహిస్తాయి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టు మాత్రమే కాబట్టి 72 సెల్స్‌ను వరుసగా కలిపి ఒక ప్యానెల్‌గా బిగిస్తారు. ఇలా వచ్చేది బ్యాటరీలో ఉండే రకం ఏకముఖ విద్యుత్తు. మన ఇళ్లలో వాడేది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే ఏకాంతర విద్యుత్తు. మొదటిదాన్ని రెండోదిగా మార్చే పెట్టెనే ఇన్వర్టర్ అంటారు.

మన ఎండలు మండిపోతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ప్యానెళ్లు అత్యధికంగా పనిచేస్తాయా?

చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ వెలుగును, వేడిని విడదీసి చూడాలి. ప్యానెల్‌కు కావలసింది వెలుగు. వేడి దానికి చేటు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత వద్ద పరీక్షించి చెప్పినవి. అంతకు మించి పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. కర్నూలులో గాలి 42 డిగ్రీలున్న మధ్యాహ్నం, మిద్దె మీద ప్యానెల్ 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అంటే 40 డిగ్రీలు అదనం, సుమారు ఏడో వంతు నష్టం. వెలుగు బాగా ఉండి, చల్లటి గాలి ఆడే రోజున ప్యానెల్ మరింత సమర్థంగా పనిచేస్తుంది. అందుకే మిద్దెకు ఆనించి పరచకుండా, అడుగున గాలి ఆడేలా స్టాండు మీద బిగించాలి.

కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లు అంటారు. ఆ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుందా?

రాదు. ఈ తేడా తెలియకపోతే పునరుత్పాదక విద్యుత్తు గురించిన ఏ లెక్కా మనకు అర్థం కాదు. మెగావాట్లు చెప్పేది యంత్రాల స్తోమతను. ఇంటి బిల్లులో కనిపించే యూనిట్లు చెప్పేది నిజంగా పుట్టిన, వాడిన విద్యుత్తును. కిలోవాటు స్తోమతతో ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు.

గని, శకునాల గ్రామాల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో 40 లక్షలకు పైగా ప్యానెళ్లతో 2017లో పూర్తయిన ఈ పార్కు రోజంతా పూర్తి స్తోమతతో నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు రావాలి. కానీ పొద్దు పొడిచాక నెమ్మదిగా మొదలై, మధ్యాహ్నం శిఖరానికి చేరి, పొద్దు గుంకేసరికి సున్నాకు దిగే ఉత్పత్తి అది. ఏడాది సగటు తీస్తే అందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. బొగ్గు కేంద్రపు 1,000 మెగావాట్లను, సౌర కేంద్రపు 1,000 మెగావాట్లను సమానంగా చూపించే వార్తను చదివినప్పుడు ఈ లెక్కను మనసులో ఉంచుకోవాలి. అనంతపురం జిల్లా నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 2016లో పూర్తిచేసిన 250 మెగావాట్లకైనా, కడప జిల్లా మైలవరం దగ్గరి సౌర కేంద్రాలకైనా ఇదే వర్తిస్తుంది.

గాలిమర అంత నిదానంగా తిరుగుతూ అంత కరెంటును ఎలా ఇస్తుంది?

నిదానంగా తిరుగుతున్నట్లు కనిపించడం దూరం వల్ల కలిగే భ్రమ. రెక్క నిమిషానికి పదిహేను చుట్లే తిరిగినా, 50 మీటర్ల పొడవున్న రెక్క కొస గంటకు 280 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ ఉంటుంది. స్తంభం పైనున్న గదిలో గేర్‌బాక్స్ ఆ నిదానమైన భ్రమణాన్ని అనేక రెట్లు పెంచి జనరేటర్‌కు అందిస్తుంది. గేర్‌బాక్స్ లేని రకాలు కూడా ఉన్నాయి.

గాలి వేగం రెండింతలైతే దానిలోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. సెకనుకు 4 మీటర్ల గాలిలో బద్ధకంగా కదిలే మర 8 మీటర్ల గాలిలో ఎనిమిది రెట్లు ఇవ్వగలదు. అనువైన గుట్టను వెతకడానికి, స్తంభం ఎత్తు పెంచడానికి లక్షలు పోసి ఏళ్ల తరబడి గాలిని కొలవడం ఇందుకే. సెకనుకు సుమారు 3 మీటర్ల గాలికి మర మొదలవుతుంది. 25 మీటర్లు దాటితే రెక్కలను పక్కకు తిప్పుకుని తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. గాలిలోని శక్తినంతా లాగడం ఏ మరకూ సాధ్యం కాదు. అలా లాగితే దాని వెనక గాలి కదలకుండా నిలిచిపోవాలి. సైద్ధాంతికంగా 59 శాతమే హద్దు.

మన ప్రాంతంలో రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు నిలబడ్డాయి. నైరుతి రుతుపవనాల కాలం, అంటే ఆషాఢ, శ్రావణ మాసాలు వీటికి పంట కాలం. పడమటి కనుమల మీద తేమను దింపుకున్న గాలి మన దగ్గరికి వానగా కాకుండా ఈదురుగాలిగానే ఎక్కువగా వస్తుంది. వేరుశనగ వేసి మబ్బు కోసం చూసే రైతుకు కన్నీళ్లు తెప్పించే ఆ పొడిగాలే గాలిమరలను తిప్పుతుంది.

గాలిమరలు మబ్బులను తరిమేస్తున్నాయని, అందుకే వానలు తగ్గాయని మా ఊళ్లో అంటారు. నిజమా?

నిజం కాదు. అయితే ఈ అనుమానాన్ని తేలికగా తీసేయకూడదు, ఎందుకంటే అది వరుస కరువులు చూసినవారి గుండెలోంచి వచ్చింది. గాలిమర రెక్క కొస నేల నుంచి 150, 200 మీటర్ల ఎత్తున తిరుగుతుంది. వాన కురిపించే మబ్బుల అడుగు సాధారణంగా అంతకు ఎన్నో రెట్ల ఎత్తున మొదలై, పైకి కిలోమీటర్ల కొద్దీ లేచి ఉంటుంది. వాన పడేదీ లేనిదీ తేల్చేవి అరేబియా సముద్రం, బంగాళాఖాతం నుంచి వందల కిలోమీటర్ల మేర కదిలి వచ్చే తేమ, అల్పపీడనాలు. అనంతపురం పడమటి కనుమల వానచాటున ఉంది కనుకనే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకుంటోంది. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చేసినప్పుడు ఇక్కడ ఒక్క గాలిమర కూడా లేదు. మరల వెనక కొద్ది దూరం వరకు నేలకు దగ్గరి గాలి కలగాపులగమై ఉష్ణోగ్రతలో, తేమలో స్వల్ప మార్పు వస్తుందన్నది మాత్రం పరిశీలనలో తేలిన విషయం.

నీటి నుంచి పుట్టే కరెంటు ఈ జిల్లాల్లో ఎక్కడుంది?

పెద్దది శ్రీశైలం. కృష్ణ కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు కలిసి 770 మెగావాట్లు ఉన్నాయి. తెలంగాణ వైపు ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు, మొత్తం 900 మెగావాట్లు ఉన్నాయి. అనంతపురం జిల్లాలో తుంగభద్ర ఎగువ కాలువ నీటిపై ఆధారపడిన పెన్నహోబిలం దగ్గర చిన్న జల విద్యుత్ కేంద్రం ఉంది. నీటి బలం దాని పరిమాణాన్ని, అది దిగే ఎత్తును బట్టి ఉంటుంది. వెయ్యి లీటర్ల నీరు 100 మీటర్లు దిగితే వచ్చేది సుమారు పావు యూనిట్. ఒక్క యూనిట్ కోసం మన మిద్దెల మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగింటిని అంత ఎత్తు నుంచి ఖాళీ చేయాలి. ఇలా చూస్తే నీటి విలువ తెలుస్తుంది. తాగునీటికి, సాగునీటికి కరువున్న సీమలో, విద్యుత్తు కోసమే జలాశయాన్ని ఖాళీ చేయడంపై వివాదం ఎందుకు రేగుతుందో కూడా తెలుస్తుంది.

రాత్రి ఎండ లేదు, మాఘంలో గాలి లేదు. అప్పుడు ఏం చేయాలి?

నా దృష్టిలో ఇన్ని ప్రశ్నల్లోనూ ప్రధానమైనది ఇదే. కరెంటును పుట్టించడం మనకు చేతనైంది. అది పుట్టే వేళను, మనకు కావలసిన వేళను కలపడమే ఇంకా జరుగుతున్న పని. మధ్యాహ్నం పన్నెండుకు ప్యానెళ్లు పొంగి పొర్లుతుంటాయి. సాయంత్రం ఏడుకు ఇంటింటా దీపాలు, ఫ్యాన్లు, టీవీలు, కూలర్లు ఒక్కసారిగా మొదలయ్యే వేళకు ఒక్క యూనిట్ కూడా ఇవ్వవు. కేంద్రాలను, ఊళ్లను కలిపే తీగల వల అయిన గ్రిడ్‌లో కరెంటు నిల్వ ఉండదు. ఎంత వాడుతున్నారో అంతే ఆ క్షణంలో పుట్టాలి. తేడా వస్తే సెకనుకు 50 ఊపులు అనే లెక్క (50 హెర్ట్జ్ పౌనఃపున్యం) చలించి వ్యవస్థ అంతా ప్రమాదంలో పడుతుంది.

దీనికి పాత ఉపాయమే ఇప్పుడు పెద్ద ఎత్తున వస్తోంది. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర రెండు జలాశయాలను ఎత్తులో తేడాతో కట్టి, పగలు మిగిలిన సౌర, పవన విద్యుత్తుతో కింది నీటిని పైకి తోడి, సాయంత్రం అదే నీటిని దించి కరెంటు తీసే పథకానికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. స్తోమత 1,680 మెగావాట్లు. ఒకే యంత్రం ఒక దిశలో తిరిగితే పంపు, మరో దిశలో తిరిగితే టర్బైన్. శ్రీశైలం ఎడమగట్టు యంత్రాలు కూడా ఈ రకానివే. పిన్నాపురానికి నదిపై ఆనకట్ట అవసరం లేదు. గోరుకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకున్న నీరే పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. ఆవిరైపోయినంత మేరకు మాత్రం మళ్లీ నింపుకోవాలి. నూరు యూనిట్లతో పైకి తోడితే తిరిగి వచ్చేవి 75 నుంచి 80 యూనిట్లు. పోయే ఆ ఇరవై చిల్లరను నష్టంగా కాక, మధ్యాహ్నపు కరెంటును సాయంత్రానికి మోసుకొచ్చిన కూలిగా చూడాలి. పెద్ద బ్యాటరీలు కూడా ఇదే పని చేస్తాయి, పైగా నష్టం తక్కువ, కానీ వాటి ఆయుష్షు కొన్నేళ్లే.

వేరుశనగ పొట్టు, కంది కట్టె, పేడ నుంచి కరెంటు తీయవచ్చా?

తీయవచ్చు. ఎండిన పంట వ్యర్థాలను బాయిలర్‌లో కాల్చి, బొగ్గు కేంద్రం మాదిరిగానే ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. కాల్చినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ పైరు పెరుగుతూ గాలి నుంచి తీసుకున్నదే. పేడను గాలి తగలకుండా పులియబెడితే మీథేన్ ఎక్కువగా ఉండే గోబర్ గ్యాస్ వస్తుంది. సుమారు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, దానితో ఇంజన్ నడిపితే ఒకటిన్నర నుంచి రెండు యూనిట్ల కరెంటు వస్తుంది. ఇంటి స్థాయిలో ఆ గ్యాస్‌ను కరెంటుగా మార్చడం కంటే పొయ్యికి వాడుకోవడమే లాభమని నేను చెబుతాను. మిగిలిన ముద్ద చేనికి మంచి ఎరువు. అన్నట్టు, గొర్రెలకు, ఎద్దులకు మేతగా పోయే వేరుశనగ కట్టెను బాయిలర్‌కు తరలించడం కరువు నేలలో తెలివైన పని కాదు.

భూగర్భ ఉష్ణం, సముద్రపు అలల సంగతి?

ఇక్కడ వాటికి అవకాశం లేదు. మన జిల్లాలకు సముద్రం లేదు. భూగర్భ ఉష్ణానికి దేశంలో పేరున్న చోటు లడఖ్‌లోని పూగా లోయ.

మా చేను పక్కనే కరెంటు పుడుతోంది. మరి మా ఊరికి కోతలు ఎందుకు?

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. గాలిమరలు, సౌర కేంద్రాల కరెంటు దగ్గరి సబ్‌స్టేషన్‌లో 220, 400 కేవీలకు (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు) పెరిగి రాష్ట్ర, జాతీయ గ్రిడ్‌లో కలిసిపోతుంది. మీ ఊరికి వచ్చేది వేరే దారిలో, 33 కేవీ సబ్‌స్టేషన్ నుంచి 11 కేవీ ఫీడరు, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైను మీదుగా, వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా. పెద్ద కాలువ చేను పక్కనే పారినా తూము, పిల్లకాలువ లేకపోతే మడికి నీరు అందదు కదా, ఇదీ అంతే. కోతలకు చాలాసార్లు కారణం ఫీడరు మీద మోయలేని బరువు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, గాలికి తెగిన తీగ. కాబట్టి భూములిచ్చిన ఊళ్ల వారు అడగవలసింది తమ ఊరి ఫీడరు, ట్రాన్స్‌ఫార్మర్ల బాగునే అని నా అభిప్రాయం. వ్యవసాయానికి పగటిపూట 9 గంటల సరఫరా సాధ్యం కావడంలో సౌర విద్యుత్తు పాత్ర ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ కేంద్రాల వల్ల నష్టం ఏమీ లేదా?

ఉంది. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రధానంగా బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేశారు. బరువైన ఆ పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు, ఎగురుతూ తీగలకు తగులుతుంది. విద్యుత్ తీగలు దాని జాతికి ప్రాణాంతకమని దేశమంతటా గుర్తించారు. గడ్డి నేలలను పనికిరాని బంజరుగా లెక్కగట్టడం నాకు మొదటి నుంచీ బాధ కలిగించే విషయం. గొర్రెల కాపరికి, జింకకు, బట్టమేకకు అది బంజరు కాదు. కౌలుకు భూమి ఇచ్చే రైతులు ఒప్పందం పాతికేళ్లకు పైబడి ఉంటుందని గుర్తుంచుకుని, కౌలు ఏటా ఎంత పెరుగుతుందో, గడువు తీరాక స్తంభాల పునాదులను ఎవరు తొలగిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. కాలం తీరిన ప్యానెళ్లు 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వచ్చాయి.

ఇంటి మిద్దె మీద పెట్టించుకుంటే ఎన్ని యూనిట్లు వస్తాయి? సబ్సిడీ ఎంత?

ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. ప్యానెళ్లు దక్షిణానికి తిరిగి, మన అక్షాంశానికి తగ్గట్టు 15 డిగ్రీల వాలులో ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ, వేపకొమ్మ నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దానితో వరుసలో కలిసి ఉన్న మిగిలిన వాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టించుకున్నా 78,000 రూపాయలే. వచ్చే, పోయే కరెంటును రెండింటినీ లెక్కించే నెట్ మీటరు పెడితే పగలు మిగిలి గ్రిడ్‌కు వెళ్లిన యూనిట్లు రాత్రి వాడిన యూనిట్లకు సర్దుబాటు అవుతాయి.

సోలార్ ఉన్నా కరెంటు పోయినప్పుడు మా ఇల్లు చీకటవుతోంది. ఎందుకు?

మా ఇంట్లో కూడా మొదటి వేసవిలోనే ఇలా జరిగింది. నడి మధ్యాహ్నం, మిద్దె మీద భగభగమనే ఎండ, లోపల ఫ్యాన్ తిరగదు. పెట్టించినవారు ఈ మాట ముందుగా చెప్పనే లేదు. గ్రిడ్‌తో కలిపిన ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోయిన వెంటనే తానూ ఆగిపోయేలా తయారై ఉంటుంది. అలా ఆగకపోతే మన మిద్దె మీది కరెంటు వీధి తీగలోకి పారుతుంది, కోత ఉందని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కోతల్లో కూడా వాడుకోవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి. ఖర్చు ఎక్కువవుతుంది.

ప్యానెళ్లను ఎలా కడగాలి?

మన నల్లరేగడి, ఎర్రమట్టి దుమ్ము, ముఖ్యంగా ఎండాకాలపు సుడిగాలి తరువాత, అద్దం మీద పొరలా పేరుకుంటుంది. రెండు వారాలకు ఒకసారి కడగడం మంచిది. అయితే అనంతపురం బోరు నీళ్లతో జాగ్రత్త. నేను ఒక వేసవంతా బోరు నీళ్ల పైపుతోనే కడిగి, ఎండకు ఆరనిచ్చాను. వాన మొదలయ్యేసరికి అద్దం అంచుల వెంబడి ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేలాంటి తెల్లని ఉప్పు పొర గట్టిపడి ఉంది. గోకితే అద్దం మీద గీతలు పడతాయి కాబట్టి గోకకూడదు. వెనిగర్‌లో నీళ్లు కలిపి, మెత్తని గుడ్డతో పదేపదే తుడిస్తే గాని అది వదలలేదు. అప్పటి నుంచి పొద్దు పొడవక ముందే, ప్యానెళ్లు చల్లగా ఉండగా కడిగి, వెంటనే రబ్బరు వైపర్‌తో నీటిని లాగేస్తున్నాను. వాన నీళ్లు పట్టుకున్న రోజున ఒక డ్రమ్ము ఇందుకోసమే పక్కన పెడుతున్నాను. కాలిన అద్దం మీద మధ్యాహ్నం చల్లటి నీళ్లు పోస్తే పగలవచ్చు. కడిగేటప్పుడు ప్యానెళ్ల కింది తీగలను, కనెక్టర్లను తడి చేత్తో ముట్టుకోకూడదు, ఎందుకంటే ఎండ ఉన్నంతసేపూ వాటిలో వందల వోల్టులు ఉంటాయి, ఇంటి మెయిన్ ఆపినా అవి ఆగవు.